మొక్కతో పాటు ఒక రిజిస్టరు

(కాకినాడలో ఒక పాఠశాల విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థులే నడుపుకునే పర్యావరణ సంఘాన్ని స్థాపించాలన్న మీ సంకల్పం అభినందనీయం. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2001-02లోనే జాతీయ హరిత దళం పేరిట పాఠశాలల్లో ఇటువంటి సంఘాలకు శ్రీకారం చుట్టింది. అయితే చాలాచోట్ల జూన్ 5న మొక్క నాటి, ఫొటో దిగడంతోనే పని ముగుస్తోంది. జూన్ 6న ఆ మొక్కకు నీరు పోసేదెవరు? సంఘం అవసరం అక్కడే మొదలవుతుంది.

మనది సముద్రతీరం. ఉప్పాడ వద్ద కడలి తీరాన్ని కోస్తోంది. అలల ఉరవడిని తగ్గించే కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1996 నవంబరు 6 నాటి తుపాను పెద్దలకు గుర్తుండే ఉంటుంది. నీరు ముంచెత్తినప్పుడు ముందుగా మునిగేవి పల్లపు వీధులు, ఇరుకు సందులు. మనవారిలో పేదలు ఎందరో అక్కడే నివసిస్తున్నారు. కనుక మురుగు కాలువ కూడా మన హక్కుల సమస్యే.

ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి. నోటిమాట గాలికి పోతుంది. కాగితానికి నంబరు పడుతుంది. మా వీధి కాలువ గురించి నెలల తరబడి ఒక కార్యాలయం చుట్టూ తిరిగినా ఫలితం లేకపోయింది. అందరి సంతకాలతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాకే పని కదిలింది.

అందుచేత తరగతికి ఇద్దరిని, ఒక బాలికను, ఒక బాలుణ్ణి, మీరే ఎన్నుకోండి. ఉపాధ్యాయులు సలహాదారులుగా ఉంటే చాలు. అన్ని మతాల పిల్లలనూ కలుపుకోండి. మురుగునీరు ఎవరి మతమూ అడగదు. ఏ కుళాయి కారుతోందో, ఎన్ని మొక్కలు బతికాయో వారం వారం రిజిస్టరులో రాయండి. బడిలో తీరేవి మీరే తీర్చండి. తీరనివాటిపై ప్రధానోపాధ్యాయుల ద్వారా నగరపాలక సంస్థకు అర్జీ పంపి, రసీదు భద్రపరచండి. అప్పటికీ కదలకపోతే తల్లిదండ్రులు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల పరిష్కార వేదికకు ఆ రిజిస్టరుతో వెళ్లాలి.

ప్రకృతిని కాపాడడం రాజ్యాంగం 51-ఎ అధికరణం చెప్పిన పౌర విధి. కాలుష్యం లేని నీరు, గాలి 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. విధిని నిర్వర్తిస్తూ హక్కును అడిగే పౌరుణ్ణి ఎవరూ తేలికగా తీసిపారేయలేరు.

ఈ రోజే రిజిస్టరు కొని, మొదటి పుటలో నేటి తేదీ వేయండి. సెలవు.