బండికి కరెంటు ఎవరి మీటరు?



ఇవాళ వంటగది కబుర్లు కాస్త పక్కన పెట్టి సెల్లారు కబుర్లు చెప్పుకుందాం. మీ అపార్టుమెంట్లోనూ ఈపాటికి ఒకటో రెండో కరెంటు స్కూటర్లు దిగే ఉంటాయి. మా ఇంటికి నిరుడు వచ్చింది. మా అమ్మాయి కాలేజీకీ, నేను కూరల మార్కెట్టుకీ, అప్పుడప్పుడు ఇలా రేడియో స్టేషనుకీ అన్నిటికీ అదే. మోత లేదు, పొగ లేదు. కొన్ననాడు షాపు అబ్బాయి, "ఏముందమ్మా, సెల్‌ఫోనుకు పెట్టినట్టు చార్జింగు పెట్టుకోవడమే!" అన్నాడు. చిక్కంతా ఆ మాటలోనే ఉందని తరవాత తెలిసింది.

మేముండేది హైదరాబాదులో, మూడో అంతస్తు. బండి ఉండేది కింద సెల్లారులో. ఫోనైతే తలగడ పక్కకు తెచ్చుకుంటాం. బండిని మెట్లెక్కించలేం కదండీ! మొదటి నెల మావారు బాల్కనీలోంచి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీశారు. రెండో అంతస్తు పిన్నిగారి తడిబట్టల పక్కనుంచి అది కిందికి దిగుతుంటే నా ప్రాణం గిలగిల్లాడేది. ఒక రాత్రి ప్లగ్గు తియ్యబోతే చెయ్యి చురుక్కుమంది. చూద్దును కదా, తెల్లటి సాకెట్టు కాస్తా పాలు మాడిన గిన్నె అడుగులా గోధుమరంగుకు తిరిగింది!

ఎందుకలా అయిందంటే, మన మిక్సీ కూడా ఇంచుమించు అంత కరెంటే లాగుతుంది. కానీ అది అయిదు నిమిషాలు తిరిగి ఆగుతుంది. బండి నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. వైరు సన్నదైనా, పిన్ను వదులైనా అక్కడ వేడి పుట్టి తీరుతుంది. ఇక కారు సంగతి చెప్పక్కర్లేదు. పదిహేను ఆంపియర్ల సాకెట్టు మీద మూడు కిలోవాట్ల దాకా, అంటే గీజరు కంటే ఎక్కువగా, రాత్రంతా లాగుతుంది. కారు కొనబోయేవాళ్ళు ముందు కరెంటాఫీసు మీ ఇంటికి ఎంత లోడు మంజూరు చేసిందో బిల్లులో చూసుకోండి. చాలకపోతే అర్జీ పెట్టి పెంచుకోవాలి.

"పోనీ, బేటరీ ఊడదీసి పైకి తెచ్చుకుంటే?" అనచ్చు మీరు. కొన్ని బళ్ళకు ఆ సదుపాయం ఉంది. కానీ 2022 ఏప్రిల్లో నిజామాబాదులోనూ, అదే వారంలో విజయవాడలోనూ ఇంట్లో చార్జింగుకు పెట్టిన బేటరీలు పేలి ప్రాణాలు పోయాయి. విజయవాడ వాళ్ళు ఆ బండి కొని ఒక్కరోజే అయింది. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో కరెంటు స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో బసచేసినవాళ్ళు ఎనిమిదిమంది పోయారు. ఆ తరవాత ప్రభుత్వం బేటరీల పరీక్షలను 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి ఇంకో విడత కఠినం చేసింది. కాబట్టి పాత బండి చవగ్గా వస్తోందని ఎగబడకుండా, అది ఏ నెలలో తయారైందో అడగండి. ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకండి. కాస్త చల్లారనివ్వండి.

మా సాకెట్టు మాడాక మావారు సెల్లారు లైట్ల పాయింటు నుంచి కరెంటు తీసుకున్నారు. అది అందరి మీటరు. వారం తిరక్కుండా అసోసియేషన్ మీటింగు! నిజానికి మా బండి బేటరీ మూడు యూనిట్లది; నిండడానికి మూడున్నర దాకా కాలుతుంది. "ఈ కాస్తకే ఇంత తగువా?" అని నాకు ఉక్రోషం వచ్చిన మాట నిజం. కానీ ఇవాళ ఒక స్కూటరు, రేపు పది, ఎల్లుండి కార్లు! వాళ్ళ మాటా తప్పు కాదు. అలాగని సెక్రటరీగారు అసలు చార్జింగే వద్దనడం నాకు నచ్చలేదు. ఇంటి కనెక్షన్ మీద సొంత బండికి చార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది.

తోవ మా కళ్ళెదుటే ఉంది. మీటర్లన్నీ కిందే కదా! మా మీటరు నుంచి మా పార్కింగు దాకా గొట్టంలో లావుపాటి వైరు, పదిహేను ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తు, దానికి విడిగా ఎమ్‌సీబీ, షాకు కొట్టకుండా ఆర్‌సీసీబీ వేయించాం. బిల్లు మాది, గొడవ లేదు. అద్దెకుండేవాళ్ళు ఇంటివాళ్ళను ముందే ఒప్పించుకోవాలి. కొత్త ఫ్లాటు కొనేవాళ్ళు బిల్డరును నిలదీయండి: పార్కింగులో అయిదో వంతుకు చార్జింగు ఏర్పాటుండాలని 2019లో కేంద్రం నమూనా నిబంధనల్లో చేర్చింది.

బయట చార్జింగు స్టేషన్లున్నాయి కదా అంటారేమో! ఉన్నాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, అందులో ముందే డబ్బు వెయ్యాలి. స్కూటర్ల ప్లగ్గులైతే ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కార్లకు చాలావరకు ఒకటే రకం వచ్చింది, నయం. వేగంగా ఎక్కించే చోటయినా ఎనభై శాతం దాకా చకచకా ఎక్కి, ఆ పైన నత్తనడకే. వెనక ఇంకో కారు కాచుకుని ఉంటే ఎనభైకే తీసేసి వెళ్ళండి. ఊళ్ళో తిరిగేవాళ్ళకు రాత్రి ఇంటి చార్జింగే చవక, సుఖం.

ఇంత చేశాక ఒక రాత్రి చార్జింగు పెడదామని కిందికి వెళ్ళాను. మా బండికి నాలుగడుగుల్లో వాచ్‌మన్ గది. ఉక్కకు తాళలేక అతని భార్య ఇద్దరు పిల్లలతో బండి పక్కనే చాప వేసుకుని పడుకుంది. "ఇక్కడ పడుకుంటావేమిటే?" అంటే, "ఎక్కడికి పోనమ్మా?" అంది. నిజమే, ఎక్కడికి పోతుంది! పైన మూడో అంతస్తులో బేటరీ వద్దని భయపడి కిందికి దింపింది నేను. కింద ఎవరున్నారో చూడనిదీ నేనే.

మర్నాడే పిన్నిగారిని బతిమాలి పార్కింగు చోటు మార్చుకున్నాం. ఇప్పుడు మా బండి గేటు పక్కన, గాలి తగిలే చోట, జల్లు పడకుండా ఉంటుంది. వైరు ఇంకో ఇరవై అడుగులు పొడిగించాల్సొచ్చిందని మావారు గొణిగారు, గొణగనివ్వండి. చార్జింగు కూడా సాయంత్రం అందరూ మెలకువగా ఉండగానే పెట్టి, పడుకునే ముందు తీసేస్తున్నాను. వాచ్‌మన్ గదికి ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించే విషయం మాత్రం వచ్చే మీటింగులో ఎత్తాలి.

సెలవు.