పేల్చని తుపాకి: కర్నల్ సంతోష్‌బాబు స్మారకోపన్యాసము



2020 జూన్ 15వ తేది రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో దేహము విడిచిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేటవారు. మీ అనంతగిరి కొండలలో బుట్టిన మూసీనది హైదరాబాదును దాటి, సూర్యాపేట సీమ పొలములను దడిపి, వాడపల్లి కడ కృష్ణలో గలియుచున్నది గనుక, వికారాబాదు వారికిని తాండూరు వారికిని ఆయనతో వేరొక చుట్టరికమును వెదకనక్కరలేదు.

విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో బాల్యముననే చేరి, పిదప జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ పొంది, 2004లో బీహారు రెజిమెంటు 16వ పటాలమున అధికారిగా ప్రవేశించిన ఆయన, 2019 డిసెంబరులో ఆ పటాలమునకే నాయకుడయ్యెను. తాను తొలుత అడుగిడిన పటాలమును తానే నడుపుట సైన్యమున నెంతయు గౌరవముగా నెంచబడును.

ఆ రాత్రి వృత్తాంతమును చదివినప్పుడెల్ల నేను ఒక నియమము కడ ఆగిపోవుచున్నాను. 1996లో భారత చైనాలు చేసికొన్న యొడంబడిక ననుసరించి, వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల నెవ్వరును తుపాకి పేల్చరాదు. ఎదురుబడినవేళ ఆయుధములు వెంట నున్నను వానిని ప్రయోగింపకుండుట సరిహద్దు సేనలకు చిరకాలాచారమై యుండెను. 1975 తరువాత 2020 వరకు ఆ రేఖపై పోరులో నొక్క ప్రాణమైనను పోకుండుటకు ఈ యాచారమును కొంత కారణమే. 2020 వేసవిలో ఇరుసేనలు తూర్పు లడఖ్‌లో మోహరించినప్పుడు, జూన్ 6వ తేదిన సేనానాయకులు కూర్చుండి వెనుకకు తగ్గుటకు సమ్మతించిరి. ఆ సమ్మతి యారకయే గల్వాన్‌లో చైనావారు రేఖకు ఈవల నిర్మాణము నెత్తబూనిరని మన ప్రభుత్వము ప్రకటించినది.

మన సేన చేపట్టిన ఆపరేషన్ స్నో లెపర్డ్‌లో భాగముగా శత్రువు నెదుటనే పరిశీలనాస్థానము నొకదానిని నెలకొల్పు భారము సంతోష్‌బాబుపై బడెను. ఆయన యా పనిని నెరవేర్చి స్థానమును నిలుపుకొనియుండగా, ప్రక్కమెట్టలనుండి రాళ్లవాన కురియుచుండ, వాడియాయుధములు చేబూనిన యధికసంఖ్యాకులు పైబడిరనియు, తీవ్రముగా గాయపడియు ఆయన ముందువరుసను విడువక, ముష్టాముష్టిగా సాగిన యా పోరులో తుదియూపిరి వరకు తనవారిని నిలిపెననియు మహావీరచక్ర ప్రశంసాపత్రము చెప్పుచున్నది. ఊపిరి పీల్చుటయే కష్టమైన యా యెత్తున, చీకటిలో, మంచునీటి నది యొడ్డున, మనవారు ఇరువదిమంది మరణించిరి. 2021 గణతంత్రదినోత్సవ సందర్భమున ప్రకటింపబడిన యా పురస్కారమును అదే యేట నవంబరు 23వ తేదిన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులనుండి ఆయన సతీమణియు మాతృమూర్తియు స్వీకరించిరి.

ఈ కథ చెప్పినచోట పిల్లలు తొలుత నడుగునది అవతల నెందరు చచ్చిరని. చైనా 2021 ఫిబ్రవరిలో నలుగురని యొప్పుకొన్నది. పత్రికలు వేరు లెక్కలు వేసినవి. ఆ లెక్కలయందు నాకు రుచి లేదు. పశువులను మరల్చుటలోనో, ఊరిని గాచుటలోనో పడినవానికి మన పూర్వులు వీరగల్లు నిలిపినప్పుడు, శిల్పి క్రిందియరలో పోరును, నడుమ వీరుని కొనిపోవు నప్సరసలను, పైన శివసాన్నిధ్యమును జెక్కుట పరిపాటి. అతడు దేనికడ్డముగా నిలిచెనో అది ఊరివారికి గుర్తుండవలెను. కూల్చినవారి గణన వారి కక్కరకు రాలేదు. నాపరాతితో ఊరూర నిండ్ల నేలలు పరపించిన తాండూరువారికి, రాయి యెంత మోయగలదో నేను జెప్పబూనుట సాహసము.

ఇదే లడఖ్‌లో చైనాతో జరిగిన యుద్ధమున 1962 నవంబరు 18వ తేదిన రెజాంగ్ లా కనుమలో మేజర్ షైతాన్‌సింగు నాయకత్వమున నిలిచిన కుమావూ దళమున సుమారు 120 మందిలో నూటికి పైగా నేలకొరిగిరి. ఆ కుమావూ రెజిమెంటు 1945 వరకు హైదరాబాదు పేరనే పిలువబడినదనియు, నిజాము కాలపు కంటింజెంటు సేన దాని మూలమనియు మనలో పెక్కురు మరచిరి. అక్కడివారు తూటాలు తీరువరకు పేల్చిరి. గల్వాన్‌లోనివారు తూటాలుండియు పేల్చరైరి. ఎందుకు పేల్చలేదని ఆనాడు దేశమున గట్టిగానే ప్రశ్నించిరి, ప్రశ్న న్యాయమైనదే. సభాపర్వమున అన్నమాటకు గట్టుబడి గదను దించిన భీముని స్థితి దీనికి గొంత చేరువ. ఐనను భీముడు పదుమూడేండ్ల పిదప గద నెత్తగలిగెను, వీరికి 'పిదప' యన్నది లేకపోయెను. 2020 సెప్టెంబరులోనే రేఖపై గాలిలోనికి తుపాకులు మ్రోగినవి.

సంతోష్‌బాబు నొక్కనినే పొగడి యూరకుండుట ఆయనకే యన్యాయము. నాయబ్ సుబేదార్ నుదూరామ్ సోరెన్, హవల్దార్ కె. పళని, నాయక్ దీపక్‌సింగు, సిపాయి గుర్తేజ్‌సింగు మరణానంతరము వీరచక్రము నందిరి. హవల్దార్ తేజీందర్‌సింగు జీవించియుండి యందుకొనెను. వీరిలో దీపక్‌సింగు శత్రువు నెదుర్కొనుటకై పంపబడినవాడు గాడు; గాయములకు కట్లు గట్టు నర్సింగు సహాయకుడు. రాళ్ల దెబ్బలు తానును దినుచు, ముప్పదిమందికి పైగా సైనికుల ప్రాణములు నిలిపి, తరువాత తాను మరణించెను. ఈ స్మారకోపన్యాసమును నడుపు ధర్మనిధి నిర్వాహకులు రానున్న యేడాది యుపన్యాసమును ఆయనపై నేర్పరచి, దానికి యుద్ధశాస్త్రజ్ఞుని గాక యొక వైద్యుని బిలువవలెనని నా విన్నపము.