పంచాయతీ కార్యాలయమున ప్రింటరు: ముందుగా చేయవలసిన ఏర్పాటు



విత్తనము చల్లక ముందే విత్తనశుద్ధి చేయవలెననియు, నీరు వదలక ముందే కాలువ గట్లు చూచుకొనవలెననియు మీకు నేను చెప్పనక్కరలేదు. మొలక వచ్చిన పిదప విత్తనమును శుద్ధి చేయగలవారెవ్వరును లేరు. ఈ నీతియే కార్యాలయపు ప్రింటరునకును వర్తించును. దానిని కంప్యూటర్లకు కలుపుటకు ముందు చేయవలసిన ఒక చిన్న ఏర్పాటును గూర్చి నేడు మనవి చేయదలచినాను.

1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైన నాడు గ్రామపు లెక్కలు చేతివ్రాతలోనే యుండెడివి. సరిగా అరువది సంవత్సరములకు, 2019 అక్టోబరు 2న, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. నేడు ధ్రువపత్రములు, ఇంటిపన్ను నోటీసులు, గ్రామసభ కాగితములు ప్రింటరు నుండియే వెలువడుచున్నవి. కావున దాని నడవడి పంచాయతీ నడవడిలో ఒక భాగమైనది.

ప్రింటరుతోపాటు కంప్యూటరులో డ్రైవరు అను ప్రోగ్రామును ఎక్కింతురు. ఇది దుబాసీ వంటిది. కంప్యూటరు చెప్పిన మాటను ప్రింటరునకు తెలియు భాషలో అందించును. కాగితపు కొలత యేది, ఒక వైపు ముద్రింపవలెనా రెండు వైపులనా, రంగులోనా నలుపులోనా అను ప్రశ్నలకు, మనము వేరుగా చెప్పనిచో, ఈ దుబాసీ తనకు తెలిసిన జవాబునే ఇచ్చును. ఆ జవాబులను తయారుచేసినవారు తమకు తోచినట్లు నిర్ణయించి పంపుదురు. మన కార్యాలయపు అవసరము వారికి తెలియదు.

కాగితమునే తీసికొనుడు. మనము వాడునది ఏ4 కాగితము. దాని కొలత 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. అమెరికాలో వాడు లెటర్ కాగితము 216 మిల్లీమీటర్లు, 279 మిల్లీమీటర్లు. కొన్ని డ్రైవర్లు లెటర్ కొలతతోనే వచ్చును. అప్పుడు ప్రింటరు తన పెట్టెలో లేని కాగితము కొరకు దీపము వెలిగించుకొని ఆగిపోవును. లేదా పొడవులో తగ్గిన 18 మిల్లీమీటర్ల మేర, సంతకముండవలసిన అడుగు పంక్తి తెగిపోవును. కూలిపని మానుకొని ధ్రువపత్రమునకై వచ్చిన మనిషికి ఆ పూట వ్యర్థమగును. తప్పు యంత్రముది కాదు. ముందు చెప్పని మనదే.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. విండోస్ కంప్యూటరులో ప్రింటరు అమరికలు రెండు చోట్ల నుండును. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ అనునది ఆ ఒక్క ఉద్యోగికే చెందును. అడ్వాన్స్‌డ్ పుటలోని ప్రింటింగ్ డీఫాల్ట్స్ అనునది ఆ కంప్యూటరును వాడు వారందరికిని మొదటి అమరిక యగును. చాలచోట్ల మొదటిదానినే మార్చి పని ముగిసినదనుకొందురు. ఉద్యోగి మారగానే పాత కథ మరల మొదలగును.

కంప్యూటర్లు అనేకముండినచో అంతకంటె మేలైన మార్గములు రెండు కలవు. కొందరు తయారీదారులు, డ్రైవరును ఎక్కింపక మునుపే దానిలోని అమరికలను మార్చుటకు ప్రత్యేక సాధనమును ఇచ్చుచున్నారు. దానితో ఒక్కమారు సిద్ధపరచిన ప్రతిని ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించినను ఒకే అమరిక వచ్చును. అట్టి సాధనము లేనిచో, ఒక కంప్యూటరులో ప్రింటరును సరిగా అమర్చి, తక్కిన కంప్యూటర్లను దాని ద్వారా కలుపవచ్చును.

ఇక పొదుపు మాట. దినమునకు 100 పుటల చొప్పున ఏటికి 300 దినములు ముద్రించు కార్యాలయమున్నదనుకొందము. ఒక వైపే ముద్రించినచో 30,000 కాగితములు, అనగా 60 రీములు కావలెను. రెండు వైపుల ముద్రించినచో 30 రీములు చాలును.

ఐనను పొదుపునకును హద్దు కలదు. నేను చూచిన ఒక కార్యాలయమున ఇంటిపన్ను నోటీసులన్నిటిని ఒకే ఫైలుగా ముద్రించిరి. ప్రింటరు రెండు వైపుల ముద్రణకు అమర్చబడి యుండెను. ఒక ఇంటివారి బాకీ మరియొక ఇంటివారి నోటీసు వెనుక అచ్చుపడినది. ఎవరును చూడక పంచిపెట్టిరి. పొరుగువాని బాకీ చేతికి వచ్చినవాడు ఊరక యుండునా? రచ్చబండ మీద అది మూడు దినముల ముచ్చట యయ్యెను. బాకీపడిన వృద్ధుడు వారము దినములు గడప దాటలేదు. కాగితము మిగిలినది, మనిషి పరువు పోయినది.

కావున ఒకే ప్రింటరును రెండు పేర్లతో అమర్చుకొనుడు. “కార్యాలయ ప్రతులు” అను పేరున రెండు వైపుల ముద్రణయు, “నోటీసులు, ధ్రువపత్రములు” అను పేరున ఒక వైపు ముద్రణయు నుంచుడు. యంత్రమొక్కటే, దారులు రెండు.

ప్రింటరు బిల్లును ఆమోదించుటకు ముందు సభ్యులు ఈ సంగతులు అడుగవలెను. కాగితము ఏ4గా నిర్ణయించిరా? రంగుల ప్రింటరైనచో మామూలు ముద్రణ నలుపులో నుంచిరా? పై రెండు పేర్లును ఏర్పరచిరా? టోనరు పొదుపు అమరికలో తెలుగు ఒత్తులు, క్యూఆర్ కోడు స్పష్టముగా పడుచున్నవా? ఈ అమరికలన్నియు ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించిరా? సిద్ధపరచిన డ్రైవరు ప్రతిని భద్రపరచిరా? కంప్యూటరు చెడి బాగుచేయించిన నాడు ఆ ప్రతి మరల అక్కరకు వచ్చును.

ఈ ప్రశ్నలకు కంప్యూటరు విద్య అక్కరలేదు. ఒక పరీక్ష కాగితమును మీ కన్నులయెదుట ముద్రింపుమనుడు. దానిని వెనుకకు త్రిప్పి చూడుడు. గంటసేపు ముందుగా పడిన శ్రమ, గడప వద్ద వేచియున్న మనిషికి ఒక పూట కూలిని మిగిల్చును. అతని పరువును కాపాడును.