తగ్గింపు ధరలో డైవింగ్ వాచీ
(ఉంగుటూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



1961లో బెంగుళూరులో, జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన హెచ్.ఎం.టి. వాచీలకు రోజూ పొద్దున్నే కీ ఇచ్చి డ్యూటీకి వెళ్ళిన తరం మనది. ఆ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. ఇప్పుడు మనవలు డైవింగ్ వాచీలు అడుగుతున్నారు.

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక దుకాణంలో ఇద్దరు పెద్దమనుషుల మాటలు విన్నాను.

"సగం ధరకే ఇస్తున్నారండీ. 200 మీటర్ల లోతుకి తట్టుకుంటుందట" అన్నారొకరు.

"మన కొల్లేరులో అంత లోతెక్కడిదండీ?" అన్నారు రెండోవారు.

మిత్రులారా, వాచీపై 30 మీటర్లు అని ఉంటే అంత లోతుకు దిగవచ్చని అర్థం కాదు. చేతులు కడుక్కునేటప్పుడు చిందే నీటికి మాత్రమే అది ఆగుతుంది. ఈతకు, చేపల చెరువు పనికి 100 మీటర్లది సరిపోతుంది. డైవింగ్ వాచీకి ఐ.ఎస్.ఓ. 6425 ప్రమాణం కోరే కనీస లోతు కూడా అదే. దాని అంచు చక్రం ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున కదిలినా నీటిలో గడిపిన సమయం ఎక్కువగానే చూపుతుంది గనుక, మనిషి ముందుగానే పైకి వస్తాడు.

నీటిని ఆపేది లోపలి రబ్బరు వాషరు. ఏళ్ళు గడిస్తే అది గట్టిపడుతుంది. కాబట్టి తగ్గింపు సరుకు ఎంత పాతదో, రిపేరు ఎక్కడ చేస్తారో ముందే అడగండి. బ్యాటరీ మార్చినప్పుడల్లా వాషరు చూపించండి. గ్యారంటీ కార్డుపై తేదీ, దుకాణం ముద్ర వేయించుకుని, బిల్లు తప్పక తీసుకోండి. తేడా వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుకు ఆ బిల్లే ఆధారం. మనం ఖర్చుపెట్టేది నెలనెలా లెక్క చూసుకునే పెన్షను డబ్బు.