పులికాట్ నీళ్లు - మన పూచీ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల స్కాలర్‌షిప్పులు, పేదింటి పెళ్లికి సాయం, ఖబరస్తాన్ ప్రహరీ గోడ - మనం ఏటా మాట్లాడుకొనేవి ఇవి. ఈసారి పులికాట్ సరస్సును గురించి చెప్పమన్నారు. "మనకూ ఆ సరస్సుకూ ఏం సంబంధమండీ?" అని కొందరు అనుకోవచ్చు. ఉంది. మన ఇండ్లలో కట్టే పాలయకాట్ లుంగీకి ఆ పేరు సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడు రేవు నుంచి వచ్చిందే. అక్కడ మన వాళ్లు తరతరాలుగా ఉన్నారు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పిచ్చాటూరు ప్రాజెక్టు దాటిన అరణియార్ నీళ్లు చివరికి కలిసేది పులికాట్‌లోనే. కొండల్లో మనం చేసే మంచీ చెడూ రెండూ అక్కడికి చేరతాయి.

మన దేశంలో చిల్కా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. వానాకాలంలో ఏళ్ల నుంచి మంచినీరు వస్తుంది, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వస్తుంది. ఈ రెండూ కలిసిన చోటనే రొయ్య, పీత, చేప పెరుగుతాయి. వాటి కోసమే రాజహంసలు వస్తాయి. గూడబాతులు నేలపట్టు చెట్లమీద గూళ్లు కట్టి, మేతకు ఇక్కడికి వస్తాయి. జాలరి బతికేదీ దీనిమీదనే. ముఖద్వారం ఇసుకతో పూడినా, నీరు చెడినా ముందు ఆకలి తగిలేది ఆ జాలరి ఇంటికి.

1990 ప్రాంతంలో కోస్తా పొడవునా రొయ్యల చెరువుల జోరు మొదలైంది. మన పక్క నెల్లూరు జిల్లా అందులో ముందుంది. డబ్బు వచ్చిన మాట నిజం. పనులు దొరికిన మాటా నిజం. కాని చెరువుల్లోని ఉప్పు పక్క పొలాల్లోకి, తాగే బావుల్లోకి దిగింది. మేత, మందులు కలిసిన మురికి నీటిని ఏరుల్లోకి వదిలారు. పడవ తీసుకొని ఒడ్డుకు పోయే జాలరికి దారిలో కంచె అడ్డం వచ్చింది. తర్వాత తెగులు వచ్చి చెరువులూ ఎండిపోయాయి.

అప్పుడు తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ గారు 1994లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 80 దగ్గర. పదవి లేదు, డబ్బు లేదు. జనంతో కలిసి సత్యాగ్రహం చేస్తూనే కోర్టులో పోరాడారు. కోర్టు నాగపూర్‌లోని 'నీరి' సంస్థ శాస్త్రజ్ఞులను పంపి తీరాన్ని చూపించింది. వచ్చే లాభం కంటె జరిగే నష్టమే ఎక్కువ అని వారు తేల్చారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ గార్లు తీర్పు చెప్పారు. సగీర్ అహ్మద్ గారు అంతకు ముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. చిల్కా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదన్నారు. చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్నారు. పని పోయిన కూలీలకు నష్టపరిహారం ఇమ్మన్నారు. ఈ చివరి మాట ముఖ్యం. నీటిని కాపాడే పేరుతో పేదవాడి పొట్ట కొట్టకూడదు.

తీర్పుతో కథ ముగిసిందా? లేదు. దాని అమలు కోర్టుల్లోనే చిక్కుబడింది. 2005లో తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి దారి మళ్లించింది. తర్వాత కాట్టుపల్లి రేవు విస్తరణ మాట వచ్చింది. పళవేర్కాడు జాలర్లు గట్టిగా ఎదిరించారు. 2021 జనవరిలో పెట్టదలచిన ప్రజాభిప్రాయ సభ జరగకుండా ఆగిపోయింది. అంటే కాగితం మీద గెలిస్తే చాలదు, కాపలా ఉండాలి.

పారే ఏటి ఒడ్డున కూర్చుని వజూ చేసినా నీరు వృథా చేయవద్దని మన ప్రవక్త (స) బోధించారు. నిలిచిన నీటిని మలినం చేయవద్దన్నారు. నీరు అందరిదీ అన్నారు. రోజుకు ఐదుసార్లు నీటితో శుభ్రపడి నిలబడే మనకు ఈ మాట వేరే ఎవరో చెప్పాలా?

కనుక సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. ఒకటి: బక్రీద్‌నాడు ఖుర్బానీ వ్యర్థాలు ఒక్కటి కూడా కాలువలో, వంకలో పడకూడదు. గుంట తీసి పూడ్చే బాధ్యత ప్రతి మొహల్లాలో నలుగురు యువకులు తీసుకోవాలి. రెండు: ప్రజాభిప్రాయ సభ ఎక్కడ జరిగినా మన వాళ్లు పోవాలి, అభ్యంతరం రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి. మన అడ్వొకేట్లు ఆ కాగితాలు చదివి తెలుగులో చెప్పాలి. మూడు: జాలరి సోదరులు ఏ మతం వారైనా సరే, వారి మాట ముందు విని, వారి వెనుక నిలబడాలి. వారి పేరున మనం మాట్లాడడం కాదు.

లుంగీ పేరులో ఊరు మిగిలింది. ఊరి నీళ్లు కూడా మన పిల్లలకు మిగలాలి. అల్లాహ్ మనకు ఆ బుద్ధినీ ఓపికనూ ప్రసాదించుగాక. ఆమీన్.