ముందు పరీక్ష, తరువాతే పూత

(బాలానగర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, మెడికల్ బిల్లుల సంగతులు కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను ల్యాబు కబుర్లు చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు మందుల ఫ్యాక్టరీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసిన నేను, ఇంట్లో చేసిన ఒక తప్పు చెబుతాను.

మా నాయనమ్మ దాచుకున్న చేర్యాల పటం ఒకటి మా ఇంట్లో ఉంది. రిటైరైన ఏడాది దసరాకు దాన్ని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకు ఎరుపు అంటింది. అవి జిగురు కలిపిన రంగులు, నీళ్లకు కరుగుతాయన్న ఆలోచనే రాలేదు. కంగారుపడి, మిగిలినదైనా నిలవాలని బజారు వార్నిష్ తెచ్చి పూశాను. ఆ రోజు తళతళలాడింది. నాలుగేళ్లకు వార్నిష్ పసుపు తిరిగి, నీలం కాస్తా ఆకుపచ్చగా కనిపించసాగింది. పరీక్ష కాకుండా ఒక్క డ్రమ్మునైనా స్టోర్సు దాటనివ్వని వాణ్ణి నేను!

ఇటువంటిదే అజంతాలోనూ జరిగింది. ఆ గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలోవి. గులాం యజ్దానీగారు హైదరాబాదు పురావస్తు శాఖను నడిపిన రోజులవి. చిత్రాలు పెచ్చులూడుతుంటే 1920–22లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే నిపుణులను రప్పించారు. వారు ఊడుతున్న గారను నిలబెట్టారు. ఆ మేలు మరువరాదు. అయితే రంగు రాలకుండా పైన షెల్లాక్ పూశారు. షెల్లాక్ మనకు కొత్తేమీ కాదు, మాత్రలకు పూతగా వాడే లక్కే. కొత్తగా ఉన్నప్పుడు స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. పాతబడేకొద్దీ పసుపెక్కి, గట్టిపడి, స్పిరిట్‌కు లొంగదు. బొమ్మలు మసకబారాయి. తరువాతి కాలంలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రసాయన శాస్త్రజ్ఞులు ఆ పూతను ఎంతో ఓపికగా తొలగించవలసి వచ్చింది.

అసలు ఆ రంగులు ఏమిటి? 1930లలో మద్రాసు మ్యూజియం రసాయన శాస్త్రజ్ఞుడు ఎస్. పరమశివన్‌గారు అజంతా గారను, రంగులను పరీక్షించారు. తడి సున్నం మీద వేసినవి కావు, ఆరిన పూత మీద జిగురుతో కలిపి వేసినవని తేల్చారు. ఎరుపు, పసుపు జేగురు మట్టివి. వాటిలో ఇనుము ఉంటుంది. రవ్వంత ఆమ్లంలో కరిగించి పొటాషియం ఫెర్రోసయనైడ్ చుక్క వేస్తే చిక్కటి నీలం వస్తుంది. నలుపు దీపపు మసి. నీలం ఆఫ్ఘనిస్తాన్ లాజవర్ద్ రాయి పొడి.

ఇక్కడే అసలు కిటుకు. లాజవర్ద్ మీద ఆమ్లం పడితే కుళ్లిన గుడ్డు వాసన కొట్టి నీలం చచ్చిపోతుంది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ ఆమ్లానికి చెక్కుచెదరదు, క్షారం తగిలితే చస్తుంది. కంటికి రెండూ నీలమే! తెలియకుండా ఏది పూసినా ప్రమాదమే. మన రామన్‌గారు 1928లో కనుగొన్న కాంతి ధర్మం ఆధారంగా, ఇప్పుడు చిత్రం నుంచి రవ్వ కూడా గీకకుండానే చాలా రంగులను గుర్తుపడుతున్నారు.

మీ ఇళ్లలోనూ పాత పటాలు ఉంటాయి. తడిగుడ్డ, సబ్బు, నిమ్మరసం తగలనివ్వకండి. వార్నిష్ పూయకండి. ఎండ, చెమ్మ లేనిచోట ఉంచండి. ముందుగా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సాలార్ జంగ్ మ్యూజియంలో రసాయన పరిరక్షణ విభాగం ఉంది. అటువంటి చోట తెలిసినవారిని అడిగాకే చేయి వేయండి.

మా పటం అలాగే ఉంది. వార్నిష్‌తోపాటు అడుగు రంగు కూడా ఊడివస్తుందేమోనని ముట్టుకోలేదు. మొన్న మనవరాలు, "తాతయ్యా, కృష్ణుడు పచ్చగా ఉన్నాడేమిటి?" అని అడిగింది. "తాతయ్య పరీక్ష చేయకుండా పాస్ చేశాడమ్మా" అన్నాను.