ఉప్పుటేటి చేపకు మెట్టసీమలో నివాసము



అమరాపురము నుండి ఏ దిక్కునకు పోయినను సముద్రము రెండువందల కిలోమీటర్లకు పైబడియే యున్నది. వాననీటికై ఆకాశము వంక, సాగునీటికై బోరుబావి వంక చూచెడి సీమ యిది. ఇచ్చట ఉప్పుటేటి చేపను ఇంటిలో పెంచుటను గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని బెంగుళూరు మనకు దగ్గఱ. అచ్చటి అంగళ్ళలో గాజుతొట్టి వెనుక నుండి గుండ్రని కన్నులతో మనలనే చూచుచున్నట్లుండు చిన్న చుక్కల చేపను చూచి పిల్లలు ముచ్చటపడుట, తండ్రి దానిని ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెచ్చుట వింత కాదు. ఆ చేప బ్రదుకునా, మెల్లమెల్లగా కృశించునా అనునది కొన్నవారి తెలివిడిపై ఆధారపడి యున్నది. ఈ ప్రసంగమునకు కారణ మదియే.

హిందూపురము ప్రాంతమున మనము చూచు పెన్న, నెల్లూరు దాటి ఊటుకూరు వద్ద బంగాళాఖాతమున కలియును. అట్టి నదీముఖములందు నీరు తియ్యనిదియు కాదు, పూర్తిగా ఉప్పనిదియు కాదు. ఆటుపోటులను బట్టి పూటకొక రుచిగా మారుచుండును. గోదావరి మొగనున్న కోరంగి మడ అడవులు, పులికాటు సరస్సు ఇట్టి నీటికి నెలవులు. ఈ నీటికి అలవడిన చేపలలో నొక కుటుంబమును ఇంగ్లీషువారు పఫర్ అందురు. మనము ఉబ్బుచేప యనుకొందము. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ కుటుంబపు జాతులు కొన్ని వర్ణింపబడినవి.

దీని శరీర నిర్మాణము విచిత్రమైనది. ప్రక్కటెముకలు లేవు. శత్రువు పైబడినపుడు గుటగుట నీరు మ్రింగి, పొట్టను బంతివలె ఉబ్బించును. రెండు కన్నులను వేర్వేఱుగా త్రిప్పగలదు. నాలుగు పలకలవంటి దంతములు చిలుకముక్కు వలె నమరి యుండును. చుక్కల పచ్చ ఉబ్బుచేప యొక్క జన్యుపదార్థమును శాస్త్రజ్ఞులు పరిశీలించి 2004లో ఫలితములు ప్రకటించిరి. అది మానవుని దానిలో సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. అయినను జన్యువుల సంఖ్య మన జన్యువుల సంఖ్యకు మిక్కిలి తక్కువ కాదు.

ఇక పెంపకము. మొదట అంగడివానిని అడుగవలసినది చేప వెల కాదు, చేప జాతి. ఎనిమిది అంకె వంటి గుర్తులు వీపుపై గల ఆగ్నేయాసియా జాతి సుమారు 8 సెంటీమీటర్లకు మించి పెరుగదు. చుక్కల పచ్చ జాతి 15 సెంటీమీటర్లను దాటును. దానికి పెద్దతొట్టి కావలెను. ఈ పచ్చజాతి పిల్లలు ఏటి మంచినీటను కనబడును గనుక అంగళ్ళలో మంచినీటనే ఉంచి అమ్ముదురు. ఎదిగిన కొలది వానికి ఉప్పు కావలసివచ్చును. అది దొరకనిచో కొన్ని నెలలలో రంగు మాసి, మేత మాని, రోగముల పాలగును. కొన్నవాడు “ఆయువు తీరినది” అనుకొనును. నిజమునకు చక్కగా చూచినచో ఇది పదేండ్ల వరకు జీవింపగలదు.

చిన్నజాతి చేప యొక్కదానికి 60 లీటర్లకు తక్కువ కాని తొట్టి యుండవలెను. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. మన చేపకు లీటరుకు 8 గ్రాములు చాలును. అనగా 60 లీటర్లకు అరకిలోకు కొంచెము తక్కువ. వంటయింటి ఉప్పు పనికిరాదు. అందు సముద్రజలమునందలి కాల్షియము, మెగ్నీషియము మొదలగునవి లేవు. సముద్రజీవుల కొఱకు తయారుచేసిన ఉప్పునే కొని, వేఱుపాత్రలో కరగించి పోయవలెను. సాంద్రతను కొలుచు హైడ్రోమీటరు 1.005 చూపినచో చాలును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. మన బోరునీరు సబ్బు నురుగనీయని గట్టినీరు. ఆ గుణము ఈ చేపకు మేలే. కాని గట్టితనము వేఱు, ఉప్పదనము వేఱు. నాలుకకు చప్పగానో, కొంచెము చవిటిగానో తోచిన మాత్రమున అది ఉప్పుటేటి నీరు కాజాలదు.

నీరు పోసిన దినముననే చేపను విడువరాదు. చేప విసర్జించు మలినమునుండి అమోనియా పుట్టును. అది విషము. తొట్టిలో వడపోత యందు పెరుగు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప అంత హాని లేని నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. పిదప వారమునకొకమాఱు నాలుగవ వంతు నీటిని మార్చుచుండవలెను.

మన వేసవి మఱియొక పరీక్ష. ఎండకు తొట్టినీరు ఇగిరిపోవును. నీరు పోవునే కాని ఉప్పు పోదు. కావున తగ్గినంత మేరకు మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో దినదినము లవణము హెచ్చి చేపకు ప్రాణము మీదికి వచ్చును. వేడిమి 28 డిగ్రీలకు మించకుండ తొట్టిని నీడపట్టున నుంచి, నీటిపై విసనకఱ్ఱ గాలి తగులునట్లు చేయవచ్చును. కరెంటు పోయినపుడు బ్యాటరీతో నడచు గాలిపంపు సిద్ధముగా నుండుట మేలు.

దంతములు ఎల్లపుడు పెరుగుచుండును గనుక వానిని అరుగదీయు మేత కావలెను. నత్తలు, పెంకుతోడి చిన్నరొయ్యలు మంచివి. చెరువునత్తలవలన రోగములు రావచ్చును. వేఱుసీసాలో నత్తలను పెంచుకొనుట సులభము. ఇతర చేపల రెక్కలను కొఱికెడి గుణము గలది గనుక దీనిని ఒంటరిగా నుంచుటే న్యాయము. ఉబ్బుటను చూడవలెనని దీనిని బెదరించుట వినోదము కాదు, హింస. నీటి వెలుపలికి తీసినచో గాలి మ్రింగి, దానిని వెలిబుచ్చలేక చచ్చిపోవచ్చును.

గృహిణులు ముఖ్యముగా వినవలసిన మాట యిది. ఉబ్బుచేపలలో పెక్కింటి కాలేయమునందును, అండములయందును, చర్మమునందును టెట్రడోటాక్సిన్ అను తీవ్రవిషము కలదు. వండినను అది నశింపదు. దానికి విరుగుడు మందు లేదు. తొట్టిలో నున్నంతవఱకు చేప వలన భయము లేదు. చచ్చిన దానిని మాత్రము పిల్లికిగాని, కోడికిగాని వేయక భూమిలో లోతుగా పాతిపెట్టవలెను.

కడపట ధర్మమునకు సంబంధించిన మాట. మంచినీటి తొట్టిలో తీసిన నీటిని మొక్కలకు పోయవచ్చును. ఈ నీటిని మల్బరి తోటకుగాని, పెరటి కొబ్బరిచెట్టునకుగాని పోయరాదు. ఉప్పు నేలలో నిలిచి పైరును చెఱచును. పట్టుపురుగుల పెంపకమునకు పేరుపడిన మన ప్రాంతమున ఇది చిన్నమాట కాదు. విసుగు పుట్టిన దినమున చేపను చెరువులో విడుచుటయు అట్టి అపరాధమే. పెంచజాలనివారు పెంచగలవారి కప్పగింపవలెను.

ఇంత ఉప్పు, ఇంత శ్రద్ధ సాధ్యము కాదనుకొనువారికి కేరళపు నదులలో వసించు మరుగుజ్జు ఉబ్బుచేప కలదు. 1941లో హోరా, నాయర్ అను శాస్త్రజ్ఞులు తిరువాన్కూరు నుండి దీనిని లోకమునకు పరిచయము చేసిరి. ఇది మంచినీటి జీవి. దీనికి ఉప్పు వేయరాదు. కాని అమ్మకమునకై అడవి యేళ్ళలో పట్టుటవలన దీని సంతతి క్షీణించుచున్నది. తొట్టిలో పుట్టి పెరిగిన దానినే కొనవలెను.

చేపను తెచ్చుటకు గంట చాలును. దానికి తగిన నీటిని సిద్ధపఱచుటకు నెల పట్టును. ఆ నెల ఓపిక పట్టగలవారి యింటికే ఈ సముద్రతీరపు అతిథి రాదగినది.